లెక్కల వరుస కింద సంతకం

సభాధ్యక్షులు, మన స్కూలు కమిటీ పెద్దలు, వకీలు విఠల్‌రావు గారికి, విద్యాశాఖ నుంచి ఈ ఎండలో అలియాబాద్ దాకా శ్రమపడి వచ్చిన తనిఖీ అధికారి రఘునాథ్ గారికి, నాతో పాటు ఈ బడిలో పాఠాలు చెప్పే టీచర్లకు, తల్లిదండ్రులకు, నిన్నమొన్నటి దాకా రిబ్బన్లతో తిరిగి ఇవాళ చీరలు కట్టుకొని వచ్చి నన్ను తికమక పెడుతున్న పాత విద్యార్థినులకు, అందరికంటే ముందు పేరు చెప్పవలసి ఉండి కూడా నేను కావాలనే చివరికి ఉంచిన మా ప్రధానోపాధ్యాయురాలు రాధాబాయి గారికి నా నమస్కారాలు.

నాకు ముందు మాట్లాడిన వారంతా బాయిగారి ముప్పై ఏళ్ల సర్వీసు గురించి చెప్పారు. సులోచన గారు జాగ్రఫీ టీచరు కాబట్టి బాయిగారు ఏయే ఊళ్లలో పనిచేశారో వరుసగా, ఎక్కడా తప్పకుండా చెప్పారు. నేను లెక్కల వాడిని. నాకు ముప్పై ఏళ్లు వద్దు, ఒక్క వారం చాలు. పందొమ్మిది వందల యాభై నాలుగు జనవరిలో ఒక వారం. ఆ వారం గురించి ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఎంతో కొంత తెలుసు, పూర్తిగా తెలిసింది మాత్రం ఇద్దరికే. ఒకరు ఆ కుర్చీలో మెడలో దండతో కూర్చున్నారు. రెండోవాడు మీ ముందు నిలబడ్డాడు.

మొదట నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను శాలిబండలో పుట్టాను. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లం, బడిలో ఒకటో తరగతి నుంచి చివరి దాకా ఉర్దూలో చదువుకున్నాను. నాకు తెలిసిన లెక్కలన్నీ ఉర్దూ లెక్కలే. ముసల్లస్ అంటే మూడు భుజాలు కళ్ల ముందు కనబడేవి, త్రిభుజం అంటే ఏదో పురాణంలో మాట విన్నట్టు ఉండేది. రాజ్యం మారింది, శుక్రవారం సెలవు పోయి ఆదివారం సెలవు వచ్చింది, పిల్లలకు తెలుగులో చెప్పమన్నారు. ఆడపిల్లల బడికి లెక్కలు చెప్పే టీచరమ్మ ఎక్కడా దొరకక చివరికి నన్ను వేశారు, అదీ టెంపరరీగా. మొదటి సంవత్సరం నేను పాఠం ఉర్దూ మాటలతో చెప్పేవాణ్ణి, పిల్లలు దాన్ని తెలుగులో రాసుకునేవాళ్లు, నేను వాళ్ల నోటుబుక్కులు దిద్దుతూ ఆ తెలుగు మాటలు నేర్చుకునేవాణ్ణి. (నవ్వులు) నవ్వండి, ఇందులో దాపరికం ఏమీ లేదు. నిస్బత్‌ను తెలుగులో నిష్పత్తి అంటారని నాకు చెప్పింది ఏడో తరగతి పిల్ల. ఈ రెండు మాటలూ ఇంత దగ్గరగా ఎట్లా వచ్చాయా అని నేను ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను. ఇప్పటికీ నాకు తెలియదు, తెలిసినవారెవరైనా సభ అయ్యాక చెప్పండి.

ఇక వారపు ప్రణాళిక. కొత్తగా వచ్చిన టీచర్ల కోసం చెబుతున్నాను, పాతవాళ్లు క్షమించాలి. బాయిగారు ఈ బడికి వచ్చేసరికి ప్రతి టీచరుకూ ఒక ప్లాను నోటుబుక్కు ఉండేది. ఎవరి బుక్కు వాళ్లు రాసుకునేవాళ్లు, నెలకొకసారి హెడ్‌మాస్టరు చూసి సంతకం చేసేవారు, బీరువాలో పెట్టేవాళ్లు. బాయిగారు ఆ బుక్కులన్నీ పక్కన పెట్టించి, తరగతికి ఒక పెద్ద షీటు చొప్పున స్టాఫ్ రూము గోడకు తగిలించారు. నిలువుగా ఒక్కో సబ్జెక్టుకు ఒక వరుస, అంటే తెలుగు, ఉర్దూ, లెక్కలు, జాగ్రఫీ, చరిత్ర, సైన్సు, కుట్టుపని. అడ్డంగా సోమవారం నుంచి శనివారం దాకా రోజులు. శనివారం మధ్యాహ్నం అందరం వచ్చే వారం చెప్పబోయేది మన మన వరుసలో రాయాలి. ఆ శనివారమే, గడిచిన వారం అనుకున్నది చెప్పామా లేదా చూసుకొని, చెప్పినదాని కింద సంతకం చేయాలి. చెప్పలేకపోతే తప్పేమీ లేదు, పక్కన ఎర్ర సిరాతో ఏం చెప్పామో, ఎందుకు మారిందో రాయాలి. అందరి కిందా చివర బాయిగారు సంతకం చేసేవారు.

మేమందరం మా వరుస నిలువుగా చూసుకొని వెళ్లిపోయేవాళ్లం. బాయిగారు అడ్డంగా చదివేవారు. ఆమె కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోయి, వేలు సోమవారం మీద పెట్టి తెలుగు నుంచి కుట్టుపని దాకా జరుపుకుంటూ పోవడం నేను మొదటిసారి చూసినప్పుడు, ఈమె ఏం వెతుకుతున్నదా అనుకున్నాను. ఆ వెతుకుడు ఏమిటో నాకు ఆ జనవరిలోనే తెలిసింది.

ఆ శనివారం నేను రాసి వెళ్లబోతుంటే ఆమె పిలిచారు.

"ప్రభాకర్, సులోచన వచ్చే వారం పటం స్కేలు చెప్తున్నది. నీ నిష్పత్తి చూస్తే ఫిబ్రవరిల ఉన్నది. అంగుళానికి మైలు అంటే పిల్లలకు ఏం సమజైతది?"

"పుస్తకంల అదే వరుస ఉన్నది, బాయిగారూ. వచ్చే వారం దశాంశ భిన్నాలు."

"పుస్తకం రాసినాయన మన ఏడో తరగతిని చూసిండా?"

చెప్పవలసిన నిజం వేరే ఉంది. నేను ఆ వరుసను పుస్తకం చూసి కూడా రాయలేదు. నాకంటే ముందున్న టీచరు వదిలి వెళ్లిన పాత నోటుబుక్కులోంచి అక్షరం అక్షరం దించేవాణ్ణి. దశాంశం అనే మాట రాయడం వచ్చింది, వారం పాటు దాన్ని తెలుగులో చెప్పడం ఎట్లాగో రాలేదు. ఆమె మార్చమంటే ఎక్కడ ఆ సంగతి బయటపడుతుందో అని మొండికేశాను. ఆమె బలవంతం చేయలేదు. "సరే, చూద్దం" అన్నారు.

సోమవారం సులోచన గారు పటం తగిలించి స్కేలు చెప్పారు. మన గోదా, అదిగో మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చుంది, అప్పుడు పన్నెండేళ్ల పిల్ల, లేచి అడిగింది. "టీచర్, ఈ పటం గీసినాయన గింత దూరం నడిచి చూసిండా, లేకుంటే ఊకెనే గీసిండా?" సులోచన గారు ఏం చెప్పాలో తెలియక, లెక్కల సారును అడుగు అన్నారట. ఆ పిల్ల నా పీరియడు మొదలవగానే అడిగింది. అప్పటికే నేను దశాంశం అని బోర్డు మీద రాశాను. చాక్‌పీసు చేతిలో పట్టుకొని చాలాసేపు ఆలోచించాను. నిజంగా, నడిచి చూశాడా? ఎట్లా కొలిచాడు? ఇరవై ఆరేళ్లు వచ్చి, ఎన్నో పటాలు చూసి, ఆ ప్రశ్న నాకెందుకు రాలేదు?

ఆ మధ్యాహ్నం సులోచన గారూ నేనూ బాయిగారి దగ్గరికి వెళ్లి ఈ మాట చెప్పాం. సులోచన గారు, మీరు తల ఊపుతున్నారు కాబట్టి నేను సరిగ్గానే చెబుతున్నాననుకుంటాను. బాయిగారు ఏమన్నారంటే, "నాకు గూడ తెల్వదు. కొలిచి చూడుండ్రి." మన బడి నుంచి చాంద్రాయణగుట్ట దాకా రోడ్డు పటంలో ఉంది. తాడుతో కొలుద్దాం, పటంతో సరిపోతుందో లేదో చూద్దాం అని నిర్ణయమైంది. అప్పటికప్పుడు ఆ వారం నిష్పత్తి చెప్పడానికి ఒప్పుకున్నాను, ఎందుకంటే చెప్పకపోతే పిల్లలకు ఆ కొలతే అర్థం కాదు. బుధవారం దాకా నిష్పత్తి చెప్పాను. గురువారం పొద్దున ఇరవై ఎనిమిది మంది పిల్లలు, మేమిద్దరం, నూరు అడుగుల తాడు ఒకటి పట్టుకొని బయలుదేరాం.

మేము ఇంజన్‌బౌలి దాటకముందే ఇక్కడ బసవయ్య గారు బడికి వచ్చారు. (నవ్వులు) బసవయ్య గారూ, ఈ ముక్క మీరు చెప్పమన్నారు కాబట్టే చెబుతున్నాను. ధాన్యం వ్యాపారం చేసే బసవయ్య గారు మన విజయలక్ష్మి తండ్రి. ఆయన నేరుగా బాయిగారి గదిలోకి వెళ్లి, "ఏంది బాయిగారూ గిది? ఆడపిల్లలకు తాడు పట్టిచ్చి రోడ్ల మీద తిప్పుతున్నరట. బజార్ల అంత లొల్లి అయితున్నది" అన్నారు. బాయిగారు ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, గోడ మీది షీటు చూపించి, నిలువు కాదు, అడ్డం చదవమన్నారు. ఆయన చదివి, "అంటే రోడ్డు కొలిస్తె మా పిల్లకు లెక్కలు వస్తయా?" అని అడిగారు. బాయిగారు వస్తాయని చెప్పలేదు. "తెల్వదు. వస్తయా రావా చూద్దమనే పంపిన" అన్నారు. ఈ జవాబు విని ఆయనకు కోపం పోయిందో, పెరిగిందో నాకు తెలియదు. గొడుగు తీసుకొని మా వెనక వచ్చారు. ఫలక్‌నుమా దగ్గర మాకు దొరికిపోయారు. అక్కడి నుంచి తాడు లెక్క ఆయనే పెట్టారు. మొత్తం నూట ఇరవై ఒక్క తాళ్లు. వ్యాపారస్తుడి లెక్క, ఒక్క తాడు కూడా అటూ ఇటూ కాలేదు. (చప్పట్లు)

చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్ నుంచి జామకాయల గంపతో వస్తున్న ఒక అరబ్బు పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. తెల్ల గడ్డం, చారల లుంగీ. "క్యా నాప్రే బేటా?" అని అడిగాడు, ఏం కొలుస్తున్నారని. రోడ్డు కొలుస్తున్నామని పిల్లలు చెబితే ఆయనకు ఎంత ఆశ్చర్యమో. తలా ఒక జామకాయ పెట్టాడు. గోదా ఊరుకుంటుందా, "తాతా, మీదే ఊరు?" అన్నది. బార్కస్ అన్నాడు. అంతకు ముందు? తన తాత అరబ్బు దేశంలోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో కొలువుకు వచ్చాడని, ఆ ఊరు తాను ఎన్నడూ చూడలేదని చెప్పాడు. "వో కిత్తా దూర్ హై, తుమ్ నాపో" అన్నాడు నవ్వుతూ. అదెంత దూరమో మీరే కొలవండి అని.

బడికి వచ్చి లెక్క వేశాం. పటం మీద ఫుట్‌రూల్ పెడితే సరిగ్గా రెండు అంగుళాలు, అంటే రెండు మైళ్లు. మా తాళ్ల లెక్క రెండు మైళ్ల పావు దాటింది. పటం తప్పు అన్నారు పిల్లలు. నేను తాడు తప్పు అన్నాను. బసవయ్య గారు అప్పటికి ఇంటికి వెళ్లిపోయారు గాని, ఉంటే తన లెక్క తప్పంటే ఒప్పుకునేవారు కాదు. మేమిట్లా వాదించుకుంటుంటే, నా క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని విజయలక్ష్మి కుట్టుపని డబ్బాలోంచి దారం తీసి, పటం దగ్గరికి వెళ్లి, రోడ్డు గీత ఎట్లా పోతే అట్లా ఆ దారం వేలితో ఒత్తుకుంటూ పోయింది. తర్వాత దారాన్ని సాపుగా లాగి ఫుట్‌రూల్ మీద పెట్టింది. రెండు అంగుళాల పావు, ఇంకొంచెం.

"రోడ్డు వంకరున్నది గద సార్. ఫుట్‌రూల్ వంగది" అన్నది.

నేను ఆ రోజు ఎంత సంతోషపడ్డానో మీకు చెప్పలేను. ఆ పిల్లకు అంతకు ముందు పరీక్షలో నేను వేసిన మార్కులు నూటికి పదకొండు. ఆ దారం ఆమెకు ఇచ్చి, కుట్టు వంకర పోతే దారం ఎంత ఎక్కువ పడుతుందో నేర్పిన సుశీలమ్మ గారు కూడా ఇక్కడే ఉన్నారు. ఆమె తన వరుసలో "కుట్టు కొలతలు" అని రాశారు ఆ వారం. అడ్డంగా చూస్తే ఆ షీటు అంతా ఒక్క రోడ్డు మీద నడుస్తున్నట్టు ఉంది. నా వరుస తప్ప.

ఇక్కడి నుంచి చెప్పడం నాకు కష్టం. మంచినీళ్లు ఇవ్వండి.

శనివారం వచ్చింది. సులోచన గారు తన వరుసలో ఎర్ర సిరాతో మార్పు రాశారు. నేను కూడా రాయాలి. దశాంశాలు చెప్పలేదు, నిష్పత్తి చెప్పాను, రోడ్డు కొలిచాం. రాస్తే సరిపోయేది. కానీ ఆ నెలలోనే టెంపరరీ టీచర్ల రికార్డులు పైవాళ్లు చూస్తారని ఒక మాట తిరుగుతోంది. ఎర్ర సిరా కనబడితే పోర్షన్‌లో వెనకబడ్డాడంటారు, తెలుగు రానివాడంటారు, తీసేస్తారు అని భయపడ్డాను. పాత నోటుబుక్కులోంచి దించిన దశాంశ భిన్నాల పక్కన నల్ల సిరాతో "పూర్తి" అని రాసి సంతకం చేశాను. బాయిగారు చివరన సంతకం చేశారు. నేను ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం నా పీరియడులో పిల్లలు పెద్ద అట్లాసు పరిచి, దారం పట్టుకొని హైదరాబాదు నుంచి హద్రమౌత్ దాకా సముద్రం మీద వేస్తున్నారు. సముద్రం మీద రోడ్డు లేదు కదా, దారం ఎట్లా వేయాలి అని ఒక వాదన. ఓడలు సక్కగ పోతయా, గాలిని బట్టి పోతయా అని ఇంకో వాదన. అప్పుడు అప్పటి తనిఖీ అధికారి లోపలికి వచ్చారు. రఘునాథ్ గారు కాదు, వారికంటే ముందున్నవారు. ఆయన మంచి మనిషి, తన పని తాను చేశారు, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

"ఇది లెక్కల పీరియడా, కుట్టుపని పీరియడా?" అన్నారు. పిల్లలు నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆయన గోడ మీది షీటు తెప్పించారు. గడిచిన వారం లెక్కల వరుస చూసి, ముందు బెంచీలో ఉన్న గోదాను లేపి, సున్నా దశాంశం ఏడును ఎనిమిదితో గుణించమన్నారు. గోదా బోర్డు దగ్గర నిలబడింది. సున్నా, ఏడు, ఎనిమిది రాసింది. చివరికి, "మాకది చెప్పలే సార్. మేము రోడ్డు కొలిచినం" అన్నది.

"ఇక్కడ పూర్తి అని ఉన్నది గద."

ఆ పిల్ల షీటు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఆ చూపు తప్పించి కిటికీలోంచి బయటికి చూశాను.

ఆడపిల్లలను రోడ్డు మీదికి ఎవరు తీసుకుపోయారు, చెప్పని పాఠం చెప్పినట్టు ఎవరు రాశారు అని ఆయన అడిగారు. అప్పటికి బాయిగారు గుమ్మంలోకి వచ్చారు. షీటు చేతిలోకి తీసుకొని ఒకసారి చూశారు. "కింద సంతకం నాది సార్. అడగవలసింది నన్ను" అన్నారు. అధికారి నా వైపు చూశారు. నాది అని నేను అనవచ్చు. ఒక్క మాట. చాక్‌పీసు చేతిలో పట్టుకొని నిలబడ్డాను గాని ఆ మాట రాలేదు. తర్వాత వాళ్లిద్దరూ ఆఫీసు గదిలోకి వెళ్లిపోయారు.

సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. బాయిగారు జవాబు రాశారు. ఆ సంవత్సరం ఆమె పేరు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ల జాబితాలో మొదట ఉందని మా అందరికీ తెలుసు, సిద్ధంగా ఉండమని ఆమెకు మాట కూడా వచ్చింది. జూన్‌లో జాబితా వచ్చినప్పుడు అందులో ఆమె పేరు లేదు. ఆమె ఈ మిడిల్ స్కూలులోనే ఉండిపోయారు. ఇంతకు ముందు మాట్లాడినవాళ్లు ఆమె ఈ బడి మీద ప్రేమతో ఎక్కడికీ పోలేదన్నారు. ప్రేమ నిజమే. పోకపోవడానికి కారణం అది కాదు.

ఇంకొకరికి జరిగిన నష్టం కూడా చెప్పాలి. ఆ పిల్ల నిజం చెప్పింది కాబట్టి బాయిగారికి మాట వచ్చిందని క్లాసులో మిగతా పిల్లలు గోదా పక్కన కూర్చోవడం మానేశారు. రెండు మూడు వారాలు ఆమె బెంచీలో ఒక్కతే కూర్చున్నది. ఆమె చెప్పింది నిజమని, అబద్ధం రాసింది నేనని నేను ఒక్కసారి క్లాసులో అంటే అయిపోయేది. అనలేదు. మెల్లగా పిల్లలు మరిచిపోయారు, పక్కన కూర్చున్నారు, అంతా మామూలుగా అయింది. కానీ గోదా ఆ సంవత్సరం నన్ను మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గోదా, నువ్విప్పుడు కాలేజీలో చదువుతున్నావు, ఈ సంగతి నీకు గుర్తుందో లేదో నాకు తెలియదు. ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. నేను అప్పుడే చెప్పవలసింది. నన్ను మన్నించమ్మా.

బాయిగారు చెయ్యి ఊపుతున్నారు, కూర్చోమని. ఆ జనవరి తర్వాత ఆమె చెప్పిన మాట నేను ఎన్నడూ కాదనలేదు, ఈ ఒక్కసారి మాత్రం వినను.

ఆ తర్వాత ఏడాది ఒక శనివారం షీట్లు కట్ట కడుతుంటే ధైర్యం చేసి అడిగాను.

"బాయిగారూ, ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను తీసేస్తుండె. నీది టెంపరరీ. పరీక్షల దాక ఏడో తరగతికి లెక్కలు ఎవరు చెప్పాలె? ఆ నిమిషం నాకు అదొక్కటే యాదికొచ్చింది. పెద్దగ ఏమో చేసిన్నని అనుకోకు."

"మీకు హైస్కూలు పోయింది గద."

"పోయింది. రెండు నెలలు నీ మీద మస్తు కోపం ఉండె. నీకు తెల్వలే, ఎందుకంటే నువ్వు నా మొకం చూసుడు బంద్ చేసినవ్."

"ఇప్పుడు లేదా?"

ఆమె కట్ట ముడి వేస్తూ, "ఉన్నదో లేదో చూసుకోలే" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఆ శనివారం షీటు అడ్డంగా చదివినప్పుడే నా వరుస అబద్ధమని ఆమెకు తెలిసిందట. సులోచన గారి ఎర్ర సిరా పక్కనే నా నల్ల సిరా ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. సోమవారం పిలిచి అడుగుదాం లే అనుకొని సంతకం చేశారట. "నేను అడగకముందే ఆయన వచ్చిండు. చూసి గూడ సంతకం పెట్టిన. అది నా తప్పు."

నేను పై ఆఫీసుకు నిజం రాస్తానన్నాను. "రాయకు అని నేను చెప్ప. రాయి అని గూడ చెప్ప. అది నీ పని" అన్నారు.

నేను రాయలేదు. పర్మనెంటు అయ్యాక రాద్దామనుకున్నాను. పర్మనెంటు అయ్యాను, పెళ్లి కుదిరింది, పెళ్లయ్యాక అనుకున్నాను. తర్వాత తెలుగు పరీక్ష పాసు కావాలి అనుకున్నాను. పాసయ్యాను. కారణాలు అయిపోయాయి, అయినా రాయలేదు. ఈ నాలుగేళ్లూ ప్రతి శనివారం నేను షీటు అడ్డంగా చదవడం నేర్చుకున్నాను. సైన్సులో థర్మామీటరు వస్తుంటే అదే వారం లెక్కల్లో గ్రాఫు గీయించాను. తెలుగులో ఉత్తరం రాయడం వస్తే, పిల్లలతో నిజంగానే ఉత్తరం రాయించి, రైలు స్టేషను నుంచి బండ్ల వేళలు తెప్పించి, ఆ వేళలతో లెక్కలు చేయించాను. పిల్లలను బయటికి తీసుకుపోవాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలన్నారు, బాయిగారు ప్రతి ఏడాదీ అడిగారు, రెండేళ్లు రాలేదు, మూడో ఏడు వచ్చింది. ఈ పద్ధతి బాగుందని మొన్న పక్క బడి వాళ్లు వచ్చి నన్ను మెచ్చుకున్నారు. నన్ను. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు.

అందుకని ఈ సోమవారం పై ఆఫీసుకు వెళ్లి రఘునాథ్ గారిని కలిసి, జరిగినదంతా రాసిన కాగితం ఇచ్చాను. ఇప్పుడు ఏం చేయమంటారని వారు అడిగారు. బాయిగారి సర్వీసు ముగిసేలోపల ఆమె ఫైలులో ఈ కాగితం చేర్చమన్నాను. వారు రెండుసార్లు చదివారు. హైస్కూలు ఇప్పుడు తిరిగి రాదని వారూ అన్నారు, నాకూ తెలుసు. నిన్న సాయంత్రం ఆ కాగితం ఫైలులో చేరిందని కబురు వచ్చింది. బాయిగారి తర్వాత ఆ గదిలో నేను కూర్చోవాలని ఒక ప్రతిపాదన ఉన్న సంగతి మీలో కొందరికి తెలుసు. ఈ కాగితం చదివిన తర్వాత శాఖవారు ఏమనుకుంటారో అది వారి ఇష్టం. సులోచన గారు ఆ కుర్చీలో కూర్చుంటే ఈ బడికి ఏ లోటూ రాదు, నేను ఏడో తరగతికి లెక్కలు చెప్పుకుంటాను.

బాయిగారికి ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఇప్పుడే విన్నారు. ఏదో అంటున్నారు. కొంచెం గట్టిగా చెప్పండి బాయిగారూ, వెనక ఉన్నవాళ్లకు వినబడడం లేదు.

(రాధాబాయి గారు కుర్చీలోంచి: "ఆ కాగితంల నా సంగతి రాసినవా?")

ఏ సంగతి?

("తెలిసి గూడ సంతకం పెట్టిన అని.")

లేదు బాయిగారూ. అది రాయలేదు.

("మరి సగమే రాసినవ్.")

(పెద్దగా నవ్వులు, చప్పట్లు. రఘునాథ్ గారు కూడా నవ్వుతున్నారు.)

ఆమె అన్నది నిజమే. నా తప్పు రాసి, ఆమెను దేవతను చేసి, పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు వేదిక మీద రఘునాథ్ గారిని ఆమె ఏదో అడుగుతున్నారు, వారు తల ఊపుతున్నారు. వచ్చే సోమవారం ఆఫీసు తెరిచే వేళకు ఆమె కూడా వస్తారట. ఇంకా సర్వీసులోనే ఉన్నాను గద, అంటున్నారు. సరే, ఇద్దరం కలిసే వెళతాం, మిగతా సగం ఆమె చేతితోనే రాస్తారు.

ఇంతసేపు ఓపికగా విన్న అధ్యక్షులకు, అతిథులకు, తల్లిదండ్రులకు, నా సహోద్యోగులకు, వచ్చిన పిల్లలకు, రాలేకపోయిన పిల్లలకు నా కృతజ్ఞతలు. బయట చాయ్, మిర్చీలు సిద్ధంగా ఉన్నాయని కబురు వచ్చింది. బాయిగారూ, మీ దగ్గర పని నేర్చుకున్నవాడిగా, మీ ముందు తలవంచి, ఈ మైకును విఠల్‌రావు గారికి అప్పగించి, సెలవు తీసుకుంటున్నాను.